దసరా సెలవులు 13 రోజులు, పిల్లల్ని ఎటు తీస్కపోవాలె? (హన్మకొండ)

నయీంనగర్ అమ్మ

అందరికి నమస్తే, ఎవరన్న జర ఐడియా చెప్పుండ్రి. మా ఇంట్ల ఇద్దరు, బాబు ఆరో తరగతి, పాప ఒకటో తరగతి. బడి బందై రెండు రోజులే అయింది, అప్పుడే ఇల్లు పీకి పందిరేస్తున్నరు. పొద్దున లేస్తే ఫోన్, ఫోన్ గుంజుకుంటే టీవీ, టీవీ బంద్ చేస్తే ఇద్దరు కొట్టుకునుడు. ఎల్లుండి మా చెల్లె హైదరాబాద్ నుంచి వస్తుంది, దాని కొడుకు తొమ్మిదేండ్లోడు, వాడు నిన్న ఫోన్ల "పెద్దమ్మా, వరంగల్ల ఏముంటది, గేమ్ జోన్ ఉన్నదా" అని అడిగిండు. నాకు మస్తు కాలింది గని ఏం చెప్పాల్నో తెల్వలే. ఇక్కడ్నే పుట్టి పెరిగిన, వేయి స్తంభాల గుడి, భద్రకాళి గుడి అని రెండు పేర్లు చెప్పి ఆగిపోయిన.

మా సంగతి చెప్త. కారు లేదు, ఒక స్కూటీ ఉంది. మా ఆయనకు షాపు, పండుగ ముందర గిరాకి కాబట్టి ఆయన దొరికేది ఒక్క ఆదివారమే. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు, ఆమెను ఇంట్ల ఒక్కదాన్నే వదిలి పోవుడు నాకు ఇష్టం లేదు. ఇగ పాపకు కారు పడదు.

మొన్న ఎండాకాలం లక్నవరం పోదామని ఒకాయన కారు మాట్లాడుకున్నం, పొద్దున ఆరింటికి వస్తా అన్నోడు తొమ్మిదిన్నరకు వచ్చిండు. అక్కడికి పోయేసరికి ఎండ నడి నెత్తిమీదికొచ్చింది, నీళ్లు చూస్తే అడుక్కు పోయినయ్, బోటు ఎక్కి పది నిమిషాలు కాలే "అమ్మా ఆకలి" అన్నరు, తిరిగొచ్చేటప్పుడు పాప కారంత కక్కుకుంది. నాలుగు వేలు ఆడనే పోయినయ్. అందుకే ఈసారి దగ్గర దగ్గర, పూటలో తిరిగి వచ్చేటివి చెప్పుండ్రి, దూరంది ఒక్కటి చాలు. గూగుల్ల కొడితే వచ్చే "టాప్ టెన్ ప్లేసెస్" నేను కూడ చూసిన, అవి వద్దు. పిల్లలతోటి పోయొచ్చినోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట జంక్షన్

అక్కా, ఫస్ట్ ఖిలా వరంగల్ పెట్టుకో. పొద్దున వద్దు, సాయంత్రం నాలుగింటికి బయలెల్లు. హన్మకొండ నుంచి సిటీ బస్సుల వరంగల్ స్టేషన్ దాకా పో, అక్కడ ఆటో మాట్లాడుకుంటే శివనగర్ మీదికెళ్లి పది పదిహేను నిమిషాల్ల కోట. 15 ఏండ్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు, పెద్దోళ్లకే.

నేను ఫస్ట్ టైమ్ మా వాన్ని తీస్కపోయినప్పుడు ఒక తప్పు చేసిన. పోయిన కాణ్ణుంచి "ఇది గణపతిదేవుడు మొదలుపెట్టిండు, రుద్రమదేవి పూర్తి చేసింది" అని లెక్చర్ ఇచ్చిన, వాడు ఐదు నిమిషాలల్ల ఐస్ క్రీం బండి కాడికి పోయిండు. రెండోసారి పోయినప్పుడు నోరు మూసుకొని చేతికి ఒక నోట్ బుక్కు, పెన్సిల్ ఇచ్చిన. నాలుగు దిక్కులకు నాలుగు కీర్తి తోరణాలు ఉంటయ్ గదా, నాలుగూ చూసేటందుకు ఒక్క తీరుగ ఉంటయ్, "ఒకదానికీ ఇంకోదానికీ ఏం తేడా ఉన్నదో పట్టుకో, హంసలు ఎన్నున్నయో లెక్కపెట్టు, తేడా చెప్తే పది రూపాయలు" అన్న. గంటన్నర సేపు ఆ రాళ్ల నడ్మ తిరిగిండు. నడ్మల ఉన్న గుడి మొత్తం కూలిపోయింది గదా, ఆ స్తంభాలు, చూర్లు, విరిగిన ఏనుగులు అన్నీ గడ్డిల వరుసగ పెట్టి ఉంటయ్, పిల్లలకు అది పెద్ద పజిల్ లెక్క. "డాడీ ఈ ముక్క దానిమీదిది" అని వాడు చూపెట్టిన ముక్క నిజంగనే సరిపోయేటట్టు కొట్టింది నాకు. ముప్పై రూపాయలు పోయినయ్ నాయి.

మీ హైదరాబాద్ పిల్లగానికి ఒక్కటే చెప్పు, తెలంగాణ రాజముద్రల చార్మినార్ ఒక్కటే లేదు, ఈ తోరణం గూడ ఉంటది. ఆర్టీసీ బస్సు మీదనో, గవర్నమెంట్ కాగితం మీదనో చూపెట్టి "ఇది ఎక్కడుందో కనుక్కో" అంటే వాని నోరు వాడే మూసుకుంటడు.

అత్తమ్మ గురించి, తోరణాల కాడ నేల చదునుగనే ఉంటది, ఆమె చెట్టు కింద కూసుంటే సరిపోతది. పక్కనే ఖుష్ మహల్, అటు ఏకశిల గుట్ట ఉంటది, గుట్ట మాత్రం ఎక్కాలె కాబట్టి ఆమెతోటి ఒకరు కిందనే ఉండుండ్రి. పోయేటప్పుడు రాతికోట గోడ, దాని ముందర మట్టికోట కట్ట చూపెట్టుడు మర్చిపోకు, ఆటోల పోతుంటే ఎవ్వరూ చూడరు, అందరు లోపటికే ఉరుకుతరు. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంటది, అది ఏ భాషల ఏ టైముకో గేటు కాడ అడుగు, పాప చిన్నది కాబట్టి నిద్ర వస్తదేమో.

జీరో టికెట్ తల్లి

హాయ్ సిస్టర్, నాకు ఇద్దరు ఆడపిల్లలు, మా ఇంట్ల గూడ కారు లేదు. నాలుగు వేలు పెట్టి కారు ఎందుకు చెప్పు? మహాలక్ష్మి ఫ్రీ బస్సు పథకం వచ్చినకాణ్ణుంచి, అంటే 2023 డిసెంబర్ నుంచి, నేను పిల్లల్ని తీస్కొని బస్సులల్లనే తిరుగుతున్న. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ రెండిట్ల ఆడోళ్లకు ఫ్రీ. డీలక్సు, సూపర్ లగ్జరీ ఎక్కకు, అవి పైసలే. ఇప్పుడు లెక్క చూడు, నువ్వు, మీ చెల్లె, మీ అత్తమ్మ, పాప నలుగురికి జీరో టికెట్. మొగపిల్లలు ఇద్దరు 12 లోపే కాబట్టి హాఫ్ టికెట్. ఆధార్ కార్డులు అందరియి పెట్టుకో, తెలంగాణ అడ్రస్ ఉండాలె, ఫోన్ల ఫొటో చూపిస్తే కొందరు కండక్టర్లు ఒప్పుకోరు, అసలుదే పెట్టుకో.

దూరంది ఒక్కటి అంటివి గదా, నా ఓటు రామప్పకు. 70 కిలోమీటర్ల లోపే. హన్మకొండ బస్టాండుల ములుగు మీదికెళ్లి ఏటూరునాగారం దిక్కు పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ములుగు దాటినంక జంగాలపల్లి క్రాస్ కాడ దిగి ఆటో పట్టుకోవాలె. డైరెక్టు బస్సు ఏ టైముకుందో ఎంక్వయిరీల ఒకసారి అడుగు, దొరికితే ఇంకా సుఖం. పొద్దున ఏడింటి లోపల బస్సు ఎక్కితే సీట్లు దొరుకుతయ్, తొమ్మిది దాటితే పండుగ రష్షు, నిలబడి పోవాలె. పాపకు కారు పడదు అన్నవ్ గదా, మా చిన్నదానికి గూడ అంతే, బస్సుల ముందర సీటు, కిటికీ పక్కన కూసోబెడితే ఏం కాదు, కారుల ఏసీ వాసనకే దానికి తిప్పుతది. పొద్దున పాలు తాపకు, ఉప్పు వేసిన మరమరాలో, ఒక బిస్కెటో పెట్టు. కవర్లు రెండు మాత్రం పర్సుల పెట్టుకో, మళ్ల నన్ను తిట్టొద్దు.

తిండి ఇంటికాడినుంచి పట్టుకపో. నేను సర్వపిండి చేసి తీస్కపోత, రెండు పూటలకు చెడిపోదు, చేతుల పట్టుకొని తినొచ్చు, ప్లేట్లు గిన్నెలు అక్కర్లే. పెరుగన్నం బాక్సు ఒకటి. గుడి చూసినంక పక్కనే రామప్ప చెరువు ఉంది, ఆ కట్ట మీద చెట్ల కింద కూసొని తిన్నం మేము. కోతులు ఉంటయ్ చూసుకో, సంచి కింద పెట్టినవో అయిపాయె, మా సర్వపిండి డబ్బా ఒకటి మూతతో సహా చెట్టెక్కింది.

నయీంనగర్ అమ్మ

@జీరో టికెట్ తల్లి, థాంక్యూ అక్కా, ఆధార్ సంగతి మంచిగ చెప్పినవ్, మా అత్తమ్మ కార్డు బీరువాల ఎక్కడ పెట్టిందో ఆమెకే తెల్వదు. రామప్పల మెట్లు ఎక్కువ ఉంటయా? ఇంకోటి, పిల్లలకు అక్కడ ఏం చూపెట్టాలె, గుడి అంటే మా బాబు "దండం పెట్టుకొని వచ్చుడే గదా" అంటడు.

మడికొండ మాస్టారు

అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని. బడి పిల్లల్ని రామప్పకు ఎన్నిసార్లు తీసుకుపోయిననో లెక్క లేదు, అందుకే ఈ ప్రశ్నకు జవాబు నేనే చెప్పాలె.

మెట్ల మాటకొస్తే, గుడి ఎత్తైన అరుగు మీద ఉంటుంది, ఎక్కడానికి కొన్ని మెట్లు ఉంటయి, చెయ్యి పట్టుకుంటే మీ అత్తగారు ఎక్కగలరు. చెప్పులు విప్పాలె కాబట్టి మధ్యాహ్నం 12 దాటితే బండలు కాలుతయి, పొద్దున్నే చూడండి. ఆమెకు పాత సాక్సులు తొడిగితే మంచిది.

పిల్లలకు చూపించవలసినవి చెప్త. మొదలు బయట పైకప్పు కింద వంగి నిలబడ్డ మదనికలు, నల్లరాతి బొమ్మలు. వాళ్లలో ఒకామె కాళ్లకు మడమ ఎత్తు చెప్పులున్నయి, ఇప్పటి హైహీల్స్ లెక్కనే. ఏ బొమ్మనో మీరు చెప్పకండి, పిల్లలే వెతకాలె. తర్వాత నంది. అది కూచున్నట్టు ఉండదు, శివుడు పిలిస్తే లేవడానికి సిద్ధంగ ఉన్నట్టు ఉంటది, చెవులు చూడండి. నేను పిల్లలతోటి ఒకటే అడుగుత, "ఇది ఏం వింటున్నది?" ఒక్కొక్కడు ఒక్కొక్క జవాబు చెప్తడు, ఒకడు "సార్, లాంగ్ బెల్ కోసం చూస్తుంది" అన్నడు, ఇరవై ఏండ్లయింది, నాకు ఇప్పటికీ గుర్తుంది. లోపల స్తంభాల మీద నాట్యభంగిమలు ఉంటయి, నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల నాటి పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టింది వాటిని చూసే. మీ పాపను ఆ భంగిమల్లో నిలబడమనండి, ఫొటో తీయండి.

ఇటుకల సంగతి పిల్లలకు బాగా నచ్చుతది. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లల్ల వేస్తే తేలుతయి, లోపల అంతా సన్న సన్న గుల్లలు, అందుకే నీళ్ల కంటె తేలిక. పైన బరువు తగ్గించడానికి అట్ల చేసిండ్రు. కింద పునాదిలో ఇసుక నింపిండ్రు. ఇంటికొచ్చినంక బకెట్ల నీళ్లు పోసి మామూలు ఇటుక ముక్క వేయమనండి, మునుగుతది. కాళ్లు రుద్దుకునే గుల్లరాయి వేయమనండి, తేలుతది. ఇంతకంటె నేను క్లాసుల చెప్పగలిగింది ఏం లేదు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిండు, 2021లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టిండ్రు. కట్టించిన వాని పేరు కాకుండ చెక్కిన శిల్పి పేరుతోటి జనం పిలిచే గుడి అని మాత్రం తప్పకుండ చెప్పండి.

ఇక నా అసలు మాట. 13 రోజులూ తిప్పాలె అనే ఆలోచన ఎందుకమ్మా? ఇవి మామూలు సెలవులు కావు, బతుకమ్మ సెలవులు. మీ ఇంట్ల అత్తగారు ఉన్నరు. ఆమెను వెంట తీసుకుపోవుడు ఎట్లా అని మీరు అడుగుతున్నరు, ఆమె దగ్గరికి పిల్లల్ని ఎట్ల తీసుకుపోవాలె అని నేనడుగుత. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది పేర్లు ఉన్నయి, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల. పిల్లలకు ఒక్కొక్క రోజు పేరు, ఆ రోజు ఫలహారం ఆమె చెప్పాలె, వాళ్లు రాసుకోవాలె. పొద్దున స్కూటీ మీద ఒక్కొక్కన్ని తీసుకొని మడికొండ దిక్కో, భీమారం దిక్కో పొలాల గట్లకు రండి, గునుగు, తంగేడు పూలు ఎట్ల ఉంటయో చూసి వాళ్లే కోసుకోవాలె. మార్కెట్ల కట్టలు కొనకండి. గునుగు తెల్లది గదా, కాడలు సమానంగా కోసి, కట్ట కట్టి, రంగు నీళ్లల్ల తలకాయ ముంచి, నీళ్లు విదిల్చి నీడకు పెట్టుడు ఉంటది చూడండి, గులాబి ఒక గిన్నె, నీలం ఒక గిన్నె, ఆ పని మగపిల్లలకు అప్పగించండి, ఫోన్ ఎక్కడుందో రెండు గంటలు అడగరు.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఆడరు. దూరం టూరు ఆ రోజు పెట్టుకోండి, సాయంత్రం ఆట పోతదనే రంది ఉండదు.

కాజీపేట జంక్షన్

సార్ మీరు ఆరో రోజు పాయింట్ చెప్పిండ్రు సూపర్. కాని పొలాలు ఏవి సార్ ఇప్పుడు, భీమారం అంతా ప్లాట్లే అయినయ్.

మడికొండ మాస్టారు

ప్లాట్లల్లనే గునుగు ఎక్కువ మొలుస్తది నాయనా. ఇల్లు కట్టేదాక ఎవ్వడూ కలుపు తియ్యడు.

ఏటూరునాగారం రోడ్డు

అందరు రామప్ప రామప్ప అంటున్నరు, పిల్లలకు నీళ్లు కావాలె భయ్యా, గుడులు కాదు. బొగత పొండి, ఈ టైముల జలపాతం ఫుల్లుగ ఉంటది, తెలంగాణ నయాగరా అంటరు, ఒక్కసారి చూస్తే లైఫ్‌ల మర్చిపోరు.

పాకాల గాలి

@ఏటూరునాగారం రోడ్డు అన్నా, ఆమె పోస్టు చదివినవా? కారు లేదు, ముసలామె ఉంది, పాపకు ప్రయాణం పడదు అని రాసింది. బొగత వరంగల్ నుంచి 140 కిలోమీటర్ల దాకా ఉంటది, ఏటూరునాగారం దాటి ముల్లకట్ట బ్రిడ్జి మీద గోదావరి దాటి వాజేడు మండలం పోవాలె, పోను రాను రోజంత బస్సులనే అయితది. వానలు గట్టిగ పడితే లోపటికి పోనియ్యరు, దిగనియ్యరు. ఒకటో తరగతి పాపను పట్టుకొని ఆ బండల మీద ఎవరు నిలబడుతరు? దోస్తులతోటి పోయే జాగ అది.

నీళ్లే కావాలంటే పాకాల పో అక్కా. మాది నర్సంపేట, సొంతూరని చెప్తలే, 50 కిలోమీటర్ల చిల్లర, నర్సంపేటదాక ఎడతెగకుండ బస్సులు ఉంటయ్, అక్కడ్నుంచి ఆటో. కట్ట దాకా బండి పోతది కాబట్టి అత్తమ్మ నడిచేది తక్కువ. రెండు దిక్కుల గుట్టలు, నడ్మ కట్ట, అడివి నీళ్ల దాకా వచ్చి ఆగినట్టు ఉంటది. ఆదివారం మీ ఆయన ఉంటడు గదా, ఆ రోజు పెట్టుకుంటే బాగుంటది, ఆయనకు గూడ షాపు లొల్లి నుంచి రెస్ట్. ఈ చెరువు గూడ గణపతిదేవుని కాలందే, 1213 ప్రాంతంల తవ్వించిండ్రు అంటరు, అంటే మాస్టారు చెప్పిన రామప్ప గుడి, ఇది ఒక్క కాలంలనే లేచినయ్ అనుకో. గుడి చూడటానికి జనం ఫారిన్ నుంచి వస్తున్నరు, చెరువు కింద ఇయ్యాల్టికీ వరి పండుతున్నది, మా తాత పొలం దాని నీళ్లదే.

అక్కడ హోటళ్లు పెద్దగ ఉండవు, అన్నం కట్టుకొని పోవాలె. నీళ్లల్లకు మాత్రం దిగనియ్యకుండ్రి, కట్ట పక్కన లోతు తెల్వదు, పెద్దోళ్లు "మోకాళ్ల దాకనే" అనుకుంట దిగుతరు, పిల్లలు ఎనకనే వస్తరు. మా ఇంట్ల రూల్ ఏందంటే ఒక్కొక్క పిల్లగానికి ఒక్క పెద్దమనిషి జిమ్మేదారి, పేరు పెట్టి అప్పజెప్పాలె. అందరు చూస్తున్నరు అనుకున్నప్పుడే ఎవ్వరు చూడరు, మా బావ కొడుకు ఒకసారి అట్లనే జారిండు, నడుముదాక మునిగినంక పట్టుకున్నం, మా అక్క రెండు రోజులు అన్నం తినలే.

లక్నవరం చెడ్డదని కాదు, ఎండాకాలం పోయినవ్ కాబట్టి అట్ల కనిపించింది. దసరాకు నీళ్లు నిండుగ ఉంటయ్, వేలాడే బ్రిడ్జి మీద పిల్లలు మస్తు ఎంజాయ్ చేస్తరు. కాని సెలవులల్ల మంది కుప్పలు, బోటు కోసం లైన్. పోతే ఆదివారం కాకుండ వేరే రోజు పో, లైఫ్ జాకెట్ పాప సైజుది ఇచ్చేదాక బోటు ఎక్కకు.

కొత్తవాడ కోడలు

నాది చిన్న సలహా. కొత్తవాడల మగ్గాలు చూపియ్యుండ్రి. వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే గుర్తింపు, వచ్చింది గని ఊర్ల ఉన్న పిల్లలే చూసి ఉండరు. మా మామయ్య నేస్తడు, పిల్లలు వస్తే ఆయనకు సంతోషమే, పని ఆపి మరీ చూపిస్తడు. గుంటల కాళ్లు పెట్టి కూసుంటరు, కాళ్ల కింద తొక్కుడుచెక్కలు, చేతుల నాడె ఇటు నుంచి అటు పోతది, టక టక సప్పుడు. మా ఇంటికొచ్చిన ఒక పిల్లగాడు అద్దగంట సేపు నాడె దిక్కే చూసి "తాతా, ఇది ఒక్క రోజుల ఎంత పొడుగు అయితది" అని అడిగిండు, మామయ్య మూర చూపెట్టిండు, పిల్లగాడు నమ్మలే. ఫొటోలు తీసేముందు అడుగుండ్రి, ఉట్టిగ చూసి పోవద్దు, ఒక చిన్న చాప తీరుదన్న కొంటే వాళ్లకు పండుగ. పొద్దున పదింటికి వస్తే పని నడుస్తది, తిన్నంక కాసేపు పండుకుంటరు.

జీరో టికెట్ తల్లి

ఇంకోటి మర్చిపోయిన, హంటర్ రోడ్డు జూ. పొద్దున్నే పొండి, వారంల ఏదో ఒకరోజు సెలవు ఉంటది, కనుక్కొని పోవాలె. మా పెద్దదానికి బడిల స్టేట్ సింబల్స్ రాసుకురమ్మంటే నేను సెలవులల్ల ఆట చేసిన: జింక జూల, తంగేడు పువ్వు బతుకమ్మల, జమ్మి చెట్టు దసరా నాడు, పాలపిట్ట కూడ దసరా నాడే చూడాలె. మూడు దొరికినయ్, పాలపిట్ట మాత్రం ఏడేడ తిరిగినా కనిపియ్యలే, ఆఖరికి ధర్మసాగర్ దిక్కు కరెంటు తీగ మీద కూసున్నది మా ఆయన చూపెట్టిండు, ఎగిరినప్పుడు నీలం రెక్క విప్పింది, అది చూసి మా పెద్దది ఏడ్సినంత పని చేసింది సంతోషంతోటి.

దసరా సాయంత్రం ఉర్సు గుట్ట రంగలీల మైదానంల రావణవధకు పోవుడు మంచిగనే ఉంటది గని మంది ఇరుకు, పాపను ఎత్తుకొనే ఉండాలె. పిల్లల జేబుల మీ ఫోన్ నంబరు రాసిన చీటి పెట్టుండ్రి.

నయీంనగర్ అమ్మ

నమస్తే అందరికి, పండుగ అయిపోయింది, రేపు బడి. మీరందరు ఇంత ఓపికగ రాసిండ్రు, ఏమైందో చెప్పకపోతే బాగుండదు.

కోటకు పోయినం. పది రూపాయల పందెం పెట్టిన, మా బాబు, చెల్లె కొడుకు ఇద్దరు కలిసి నన్ను డెబ్బై రూపాయలకు ముంచిండ్రు. ఎన్ని హంసలో వాళ్ల లెక్క వాళ్లకే కలవలే, ఇంటికొచ్చినంక గూడ కొట్లాట. లైట్ షో చూడలే, పాప పండుకుంది.

అలిగిన బతుకమ్మ నాడు రామప్ప. బస్సు సంగతి జీరో టికెట్ అక్క చెప్పినట్టే, గుడి సంగతి మాస్టారు చెప్పినట్టే. అత్తమ్మ ఆధార్ కార్డు పాత పసుపు డబ్బాల దొరికింది. కండక్టర్ ఆమెకు జీరో టికెట్ కొట్టి ఇస్తే "పైసల్ తీసుకోవా బిడ్డా" అని రెండుసార్లు అడిగింది, ఆ టికెట్ ఇంకా కొంగుల ముడేసుకునే ఉంది. హైహీల్స్ బొమ్మను మా పాప అందరికంటె ముందు పట్టుకుంది, పొట్టిది కాబట్టి దాని కండ్లు కాళ్ల మీదనే ఉన్నయేమో. నంది ఏం వింటున్నది అని అడిగితే చెల్లె కొడుకు చానా సేపు ఆలోచించి "పెద్దమ్మా, దానికి నెట్‌వర్క్ వస్తలేదు" అన్నడు. మాస్టారూ, మీ లాంగ్ బెల్ పక్కన ఇది గూడ రాసుకోండి. ఇంటికొచ్చి బకెట్ ప్రయోగం చేసిండ్రు, పక్క ప్లాటుల ఇల్లు కడుతున్నరు, అక్కడ్నుంచి ఇటుక తెచ్చి వేస్తే బుడుంగున మునిగి బకెట్ అడుగు పలిగింది. గుల్లరాయి తేలింది.

పాకాల పోలే. ఆదివారం మా ఆయన షాపుకు సరుకొచ్చింది, ఆయన పోయిండు. కొద్దిగ లొల్లి అయింది మా ఇద్దరికి, సంక్రాంతికి తీస్కపోత అన్నడు, చూస్త.

అత్తమ్మ సంగతే మీకు చెప్పాలె. మాస్టారు చెప్పినట్టు పిల్లల్ని ఆమె కాడ కూసోబెట్టిన, మొదటి రోజు ముగ్గురు మొకాలు చూసుకున్నరు. ఆమె ఏం పాఠం చెప్పలే, గునుగు కాడలు కొస్తుంట తనలో తాను పాట అందుకుంది. మా బాబు "బాపమ్మా, మళ్ల అను" అన్నడు. మళ్ల అన్నది. నాకు పెండ్లయి పదమూడేండ్లు, ఆమె నోట ఆ పాట నేను ఒక్కసారి వినలే, వాళ్ల అమ్మగారి ఊరిదట. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కాడికి పోయినప్పుడు మోకాళ్లు నొస్తయని ఆమె కుర్చీల కూసున్నది, ఆమె అంటుంటే మా వాడ ఆడోళ్లు పది మంది దానికే చప్పట్లు కొట్టిండ్రు, నేను ఫోన్ల రికార్డు చేసిన గని డీజే సప్పుడు నడ్మల వచ్చింది. ఇంట్ల కూసోబెట్టి మళ్ల రికార్డు చేయాలె.

ఇప్పుడు నాకు అర్జంటుగ ఒకటి చెప్పుండ్రి. గునుగుకు రంగు ముంచుతుంటే బాబు, ఇంట్ల ఏసుకొమ్మన్న పాత షర్టు ఇడిచిపెట్టి, తెల్ల యూనిఫాం షర్టు ఏసుకున్నడు. ముందర జేబు మీద అరచెయ్యంత గులాబి మరక. సర్ఫుల రాత్రంత నానబెట్టిన, పోలే. రేపు పొద్దున ఎనిమిదింటికి బస్సు.

కొత్తవాడ కోడలు

నిమ్మకాయ, ఉప్పు రుద్ది ఎండల ఆరెయ్యి అక్కా, రంగు అద్దకం మా ఇంట్ల రోజూ ఉండేదే. మళ్ల వేడినీళ్లు పోయకు, గట్టిగ పట్టుకుంటది.

మడికొండ మాస్టారు

పోకపోతే అట్లనే పంపండి. రేపు క్లాసుల సగం మంది చేతులు అదే రంగుల ఉంటయి.